ఏడో నంబరుకు కనబడని ప్రోటీన్

ల్యాబ్‌లో ఆమెను అందరూ గీతలమ్మ అనేవాళ్ళు. ఆమె పనే గీతలు చూడటం. కణాలను నలిపి, వాటిలోని ప్రోటీన్లను ఒక పలచటి పొర మీద విడదీసి పరిచి, దాని మీద యాంటీబాడీ పోస్తే, ఆ యాంటీబాడీ వెతికే ప్రోటీన్ ఉన్నచోట నల్లటి గీత తేలుతుంది. ప్రోటీన్ ఉంటే గీత, లేకపోతే లేదు. "నుదుటి రాత చదివేవాళ్ళ గురించి విన్నాను గానీ, నలిపిన కణాల రాత చదివేదాన్ని నిన్నే చూశాను" అనేది వాళ్ళమ్మ.

ఆమె వయసులో మంచి భాగమంతా ఒకే ఒక్క ప్రోటీన్ వెనక గడిచిపోయింది. కణం రెండుగా చీలే ముందు తనలోని డీఎన్‌ఏకు నకలు తీసుకుంటుంది. అంత పొడుగు నకలులో తప్పులు దొర్లకుండా ఉంటాయా? దొర్లుతాయి. వాటిని వెంటనే పట్టుకుని సరిచేసే ప్రోటీన్లలో ఇదొకటి. ఇది లేని కణంలో తప్పు మీద తప్పు పేరుకుని, ఏదో ఒకనాడు క్యాన్సర్‌గా తిరగబడుతుంది. అందుకే రోగి గడ్డలో ఈ ప్రోటీన్ ఉందా లేదా అని తేల్చిచెప్పే యాంటీబాడీ ఉంటే డాక్టర్లకు కొండంత అండ. దాన్ని తయారుచేయడానికి గీతలమ్మ ఏళ్ళ తరబడి ఎలుకల కణాలు పెంచింది, ప్లేట్ల మీద ప్లేట్లు వెతికింది, విసిగి ఏడ్చింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ వెతికింది. చివరికి ఒక ప్లేటులో, ఏడో నంబరు గుంటలో దొరికింది.

అందరూ దాన్ని ఏడో నంబరు అనే పిలిచారు. గీత అంటే అదీ, కాటుక దిద్దినట్టు! పక్కన ఒక్క మరక ఉండేది కాదు. అంతకుముందు వాడిన యాంటీబాడీ కుందేలు రక్తం నుంచి తీసింది. అది పొరనంతా మసి చేసేది. దాన్ని ఫ్రీజర్ అడుగుకు తోసేసి మరిచిపోయారు. ఏడో నంబరు మాత్రం ఆస్పత్రులకు వెళ్ళింది. పెళ్ళి చేసుకోని గీతలమ్మ ఆ రోజు, "నా కూతురు అత్తారింటికి వెళ్ళింది" అని నవ్వింది.

చెల్లెలికి పొట్టలో ఏదో పొడుస్తున్నట్టుందని, లోపలికి కెమెరా పంపి చూశారని, పెద్దపేగులో చిన్న బుడిపె కనబడితే అక్కడికక్కడే తీసేశారని గీతలమ్మకు తెలుసు. ఆ బుడిపె కొసన క్యాన్సర్ మొలక ఉందని తెలిసినప్పుడు కూడా ఆమె నిబ్బరంగానే ఉంది. మొలకలోనే తుంచేశారు కదా! పరీక్ష ఫలితం వినడానికి అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసే వెళ్ళారు. చెల్లెలు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. కొత్తవాళ్ళు ఎదురుగా లారీ వస్తుంటే స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకున్నా చలించని మనిషి. ఆస్పత్రి వరండాలో కూర్చుని అక్క చేతిలోని బిస్కెట్ పొట్లం లాక్కుని తింటోంది.

స్లైడ్లు చూసే డాక్టరమ్మ వాళ్ళను లోపలికి పిలిచింది. గీతలమ్మ ఎక్కడ పనిచేస్తుందో తెలిసి ఆమె మొహం విప్పారింది.

"అయితే మీరే చూడండి. మీ యాంటీబాడీయే ఇది."

గీతలమ్మ మైక్రోస్కోపు మీదికి వంగింది. స్లైడుకు ఒక అంచున ఎవరిదో ఆరోగ్యంగా ఉన్న పేగు ముక్క, సరిపోల్చుకోవడానికి పెట్టింది. అందులో ప్రతి కణం మధ్యా, ప్రోటీన్ ఉన్నచోట, గోధుమ రంగు చుక్క, అచ్చం ఉండాల్సినట్టే ఉంది. ఏడో నంబరు తన పని తాను చేసింది. స్లైడు జరిపింది. చెల్లెలి బుడిపె వచ్చింది. నీలం. అంతా నీలం. ఒక్క గోధుమ చుక్క లేదు.

"బుడిపెలో లేదు, సరే. పక్కన మామూలు కణాలు చూడండి," అంది డాక్టరమ్మ గొంతు తగ్గించి.

పక్కనా నీలమే.

గీతలమ్మ స్లైడును మళ్ళీ వెనక్కి జరిపి చూసింది. గడ్డలో మాత్రమే ప్రోటీన్ పోతే అది ఆ గడ్డ గొడవ. మామూలు కణాల్లోనూ లేదంటే పుట్టుకతోనే లేదని అర్థం.

"రంగు సరిగా పట్టలేదేమో," అంది.

"నేనూ అదే అనుకున్నాను. రెండోసారి కూడా వేయించాను. అదే స్లైడు మీద పక్క ముక్కకి ఎంత చక్కగా పట్టిందో చూశారుగా."

చెల్లెలు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏంటక్కా, నాలో ఏదో స్పేర్ పార్టు లేదంటున్నారా?" అంది. ఎవరూ నవ్వలేదు. బిస్కెట్ పొట్లం మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

సర్జన్ మాటలు కత్తిలాగే సూటిగా ఉన్నాయి. ప్రోటీన్ ఉండి ఉంటే బుడిపె తీసేయడంతో కథ ముగిసేది. లేదు కాబట్టి ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి మొలుస్తూనే ఉంటాయి. పెద్దపేగు మొత్తం తీసేయడమే మార్గం, అదీ వచ్చే నెలలోపు.

"మీ అమ్మానాన్నలు బంధువులా?"

"అమ్మకి నాన్న సొంత మేనత్త కొడుకు," అంది చెల్లెలు.

సర్జన్ తల ఊపాడు. ఆ ఊపుకు అర్థం గీతలమ్మకు తెలుసు. రెండు వైపుల నుంచీ ఒకే లోపం వచ్చి కలిసిందన్నమాట.

"ఇలాంటివాళ్ళకి మామూలుగా చిన్నతనంలోనే జబ్బు వస్తుంది. మీకు ఇంత ఆలస్యంగా రావడం అదృష్టమే. మీకు పిల్లలున్నారా?"

"ఒక పాప."

"పాపకీ పరీక్ష చేయించాలి." తర్వాత ఆయన గీతలమ్మ వైపు తిరిగాడు. "మీకు కూడా."

బయటికొచ్చాక చెల్లెలు కారు తాళాలు అక్క చేతిలో పెట్టింది. "నువ్వు నడుపు," అంది. ఎప్పుడూ ఎవరికీ స్టీరింగు ఇవ్వని మనిషి. పక్క సీట్లో కూర్చుని, దారి పొడుగునా అద్దంలోంచి బయటికే చూసింది. ఇల్లు చేరే ముందు మాత్రం, "నా సంగతి సరేలే. దాని జోలికి రాకుండా ఉంటే చాలు," అంది. దాని అంటే పాప.

ఆ సాయంత్రం గీతలమ్మ అమ్మను అడిగింది, నాన్న ఎలా పోయాడని. అప్పుడామె బడికి వెళ్ళే పిల్ల, ఎవరూ ఏమీ చెప్పలేదు.

అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "కడుపునొప్పి అన్నాడు. డాక్టరు మందిచ్చాడు. తగ్గింది, మళ్ళీ వచ్చింది. చిక్కిపోయాడు. ఆ రోజుల్లో ఎవరు కోసి చూశారు? ఇప్పుడెందుకే ఆ మాట?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొహమా అది?" అంది అమ్మ. కానీ రెట్టించలేదు. కొన్ని సంగతులు అడగకపోతే జరగవనుకునే మనిషి ఆమె.

గీతలమ్మ కంచం పక్కకు జరిపింది. తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఏళ్ళ తరబడి ఎవరెవరి కణాల్లోనో వెతికింది గానీ, తన ఒంట్లోకి తొంగిచూడాలని ఎన్నడూ తోచలేదు. లోపల ఏం పెరుగుతోందో? ఈ క్షణంలో ఏ కణం ఏ తప్పు చేస్తోందో, దిద్దేవాళ్ళు లేక అది ఎలా వదిలేస్తోందో? ఇదివరకు చదివినవన్నీ ఇప్పుడు పగబట్టినట్టు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తెలియనివాడికి ఒకటే భయం, తెలిసినవాడికి వెయ్యి.

మర్నాడు ల్యాబ్‌కు వెళ్ళగానే పక్క గది నర్సును బతిమాలి తన రక్తం తీయించుకుంది. తెల్లకణాలు విడదీసి, నలిపి, పొర మీదికి ఎక్కించి, ఏడో నంబరు పోసింది. ఎన్ని వేలసార్లు చేసిన పనో అది. ఆ రోజు మాత్రం చుక్క పక్కన పడింది. మళ్ళీ మొదలుపెట్టింది.

మిషన్ తెర మీద బొమ్మ తేలింది. సరిపోల్చడానికి ఎప్పుడూ వాడే కణాల దగ్గర కాటుక గీత. తన రక్తం ఉన్నచోట ఏమీ లేదు. తెల్లగా, నున్నగా, ఊడ్చిన వాకిలిలా ఉంది.

ఆమె స్టూలు మీద కూలబడింది. ఎవరో గలగలా నవ్వుకుంటూ గది ముందు నుంచి వెళ్ళారు. ఫ్రిజ్ గుర్రుమంటోంది. లోకం ఎక్కడిదక్కడే ఉంది. తెర మీద తను లేదు, అంతే తేడా. చెల్లెలికి లేదు, తనకు లేదు, పాపకూ ఒక వైపు నుంచి ఆ లోపం వచ్చే ఉంటుంది. నాన్న కడుపునొప్పి ఏమిటో ఇప్పుడు అర్థమైంది. ఆ బొమ్మను చటుక్కున చెరిపేసింది, ఎవరైనా చూస్తారని. చెరిపేశాక తన తెలివితక్కువతనానికి తనకే ఏడుపొచ్చింది.

రోజులు అలా గడిచాయి. ఆపరేషన్ తేదీ ఇచ్చారు. మరిది దుకాణం మూసుకుని ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నాడు. చెల్లెలు ఇంట్లో డబ్బాలు సర్దుతూ, ఏ పప్పు ఎక్కడుందో భర్తకు చూపిస్తోంది. ఇవన్నీ చూస్తూ గీతలమ్మ లోలోపల ఉడికిపోతోంది. అయితే ఆ ఉడుకులోనే ఒక ముల్లు గుచ్చుకోవడం మొదలైంది.

సర్జన్ అన్న మాటే. ఇలాంటివాళ్ళకి చిన్నతనంలోనే జబ్బు వస్తుంది.

చెల్లెలు ముప్పై దాటి, ఒక బిడ్డను కని, రోజంతా కార్లో కూర్చుని అరుస్తూ బతుకుతోంది. తనకు నలభై దాటి ఎంతో కాలమైంది, జలుబు తప్ప జబ్బెరగదు. ఒకరంటే అదృష్టం. ఇద్దరూ అదృష్టవంతులేనా? రెండు వైపులా ఒక్క చుక్క ప్రోటీన్ లేకుండా పుట్టినవాళ్ళు ఇద్దరూ ఇలా రాయిలా ఉంటారా?

ఏడో నంబరు ఆ ప్రోటీన్‌ను మొత్తంగా చూడదు. దాని ఒంటి మీద ఒకే ఒక చిన్న చోటును చూసి గుర్తుపడుతుంది. ఆ చోటే మారి ఉంటే? ప్రోటీన్ నిక్షేపంగా ఉండి, తన పని తాను చేసుకుంటూ, ఏడో నంబరు కంటికి మాత్రం ఆనకపోతే?

ఆ ఆలోచన రాగానే ఒళ్ళు ఝల్లుమంది. మరుక్షణం దానికంటే పెద్ద భయం పట్టుకుంది. ఇది ఆలోచనా, ఆశా? మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా దూలంలాగే కనబడుతుంది. ఈ మాట చెల్లెలి చెవిన వేస్తే అది ఆపరేషన్ మానేస్తుంది. తన లెక్క తప్పైతే, చెల్లెల్ని తనే చంపినట్టవుతుంది. చెప్పకపోతే, తన లెక్క ఒప్పైతే, బంగారంలాంటి పేగును కోసి పారేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ల్యాబ్ పెద్దాయన దగ్గరికి వెళ్ళి తలుపు వేసి అంతా చెప్పింది. ఆయన వినీ వినీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కుందేలు సీరం ఇంకా ఉందా?"

ఆమె కూడా దాని గురించే వచ్చింది. ఆ కుందేలు యాంటీబాడీ ప్రోటీన్‌ను ఒక చోట కాదు, అన్ని వైపుల నుంచీ పట్టుకుంటుంది. అందుకే మసి ఎక్కువ. కానీ ఒక్క చోటు మారినా దానికి లెక్కలేదు.

"అడుగున ఒక్క ట్యూబు ఉంది. ఒకసారికి వస్తుంది."

"అయితే నువ్వు చదవకు," అన్నాడాయన.

"ఏంటండీ?"

"దాంతో వచ్చే గీతలు మసకగా ఉంటాయమ్మా. నీ మనసు ఏం కోరుకుంటోందో నీ కంటికి అదే కనబడుతుంది. నీ స్థానంలో నేనున్నా అంతే. ట్యూబుల మీద పేర్లు తీసేసి అక్షరాలు నేను వేస్తాను. పక్క ల్యాబ్ ఆవిడ చదువుతుంది. ఎవరిది ఏదో ఆవిడకి తెలియదు, నీకూ తెలియదు. ఆ ప్రోటీన్ అసలు లేని కణాలు ఒకటి పెడదాం. నా రక్తం ఒకటి. నీది ఒకటి. మీ చెల్లెలిది కావాలి."

అంటే చెల్లెలికి చెప్పక తప్పదన్నమాట.

డ్రైవింగ్ స్కూలు వెనక ఖాళీ స్థలంలో కారు ఆపుకుని చెల్లెలు లోపలే కూర్చుని ఉంది. గీతలమ్మ పక్క సీట్లో కూర్చుంది. అంతా చెప్పేసింది.

"మన ఏడో నంబరు ఉంది చూడు, అది పుట్టుమచ్చ చూసి మనిషిని గుర్తుపట్టే రకం. మచ్చ కనబడితే మనిషి ఉన్నట్టు. మనకి ఆ మచ్చే లేదేమోనని నా అనుమానం. మనిషి ఉన్నాడు, మచ్చ లేదు. అది చూసి మనిషే లేడని చెప్పేసింది."

చెల్లెలు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తోంది. "అంటే నీ మందే నన్ను కోయిస్తోందా?"

"మందు కాదు అది..."

"ఏదోటి! నువ్వు చేసిందే కదా?"

"అవును. నేను చేసిందే."

"ఈ అనుమానం ఎప్పుడొచ్చింది?"

"నాలుగైదు రోజులైంది."

"నాలుగైదు రోజులు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు!" చెల్లెలు స్టీరింగు మీద చరిచింది. "నేను రోజూ స్నానం చేస్తూ పొట్ట చూసుకుంటున్నానక్కా. ఎక్కడ కోస్తారో, మలానికి సంచి ఎక్కడ తగిలిస్తారో అని. పాప నిద్రపోతుంటే దాని పొట్ట కూడా చూస్తున్నా."

"నా లెక్క తప్పైతే?" గీతలమ్మ ఏడ్చేసింది. "నువ్వు ఆపరేషన్ మానేసి, తర్వాత నా లెక్క తప్పని తేలితే, నేనెలా బతకాలే? నాకూ లేదు. నా రక్తంలోనూ గీత రాలేదు. భయంతో నాకు బుర్ర పనిచేయట్లేదు. అందుకే చెప్పలేదు."

చెల్లెలు గిర్రున తిరిగి చూసింది. అక్క గురించి అంతవరకూ తనకు తట్టనే లేదని ఆ మొహంలో కనబడింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని చొక్కా చేతిని మోచేతి పైకి మడిచింది.

"తీసుకో ఎంత కావాలో. ఆపరేషన్ తేదీ మాత్రం మార్చను. ఫలితం వచ్చాక ఏదైనా సరే, నాకే ముందు చెప్పు. నీ మొహం చూసి కనిపెట్టే బాధ నాకు పెట్టకు."

"ఇక్కడ తీస్తానా ఏంటి, కార్లో?"

"నీ దగ్గర ఏ సామానుంటుందో నాకేం తెలుసు," అంది చెల్లెలు. అంత ఏడుపులోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది.

పరీక్ష రోజున పెద్దాయన తన గదిలో ఒంటరిగా కూర్చుని నాలుగు ట్యూబుల మీద అ, ఆ, ఇ, ఈ అని రాసి తెచ్చిచ్చాడు. గీతలమ్మ పొర సిద్ధం చేసింది. కుందేలు సీరం చివరి బొట్టు దాకా పోసింది. ఇది పాడైతే మళ్ళీ లేదు. ట్రే అటూ ఇటూ ఊగుతున్నంతసేపూ ఆమె దాని పక్కనుంచి కదల్లేదు. మంచినీళ్ళకు కూడా వెళ్ళలేదు, తను లేనప్పుడు ఎవరైనా తగిలి ఒలకబోస్తారేమోనని.

పక్క ల్యాబ్ ఆవిడ తెర ముందు కూర్చుంది. గీతలమ్మను గోడ వైపు తిరిగి నిలబడమన్నారు. చిన్నపిల్లకు శిక్ష వేసినట్టు గోడ మీద పగిలిన సున్నం చూస్తూ నిలబడింది.

"అబ్బ, ఏం మసి ఇది! సరే. అ... లేదు."

ఒకటి లేకపోవాలి. ఆ ప్రోటీన్ లేని కణాలు ఒకటి పెట్టారు కదా. అది ఇదే కావాలి. ఇదే కావాలి.

"ఆ... ఉంది. బాగానే ఉంది."

అది పెద్దాయనది అయ్యుంటుంది. ఆయనకు ఉండాల్సిందే. గీతలమ్మ చీర కొంగును పిడికిట్లో నలిపేస్తోంది.

"ఇ..."

ఆవిడ ఆగింది. కుర్చీ కిర్రుమంది. ఇంత సేపా? చూడటానికి ఇంత సేపా? లేకపోతే లేదని చెప్పొచ్చు కదా!

"ఇక్కడ మరక పడింది. ఉండండి, దగ్గరికి తెస్తాను. మరక కింద... అవును, ఉంది. సరైన చోటే. కచ్చితంగా ఉంది. ఈ... అదీ ఉంది."

పెద్దాయన జేబులోంచి చీటీ తీశాడు. అ అంటే ప్రోటీన్ లేని కణాలు. ఆ అంటే ఆయన. ఇ అంటే చెల్లెలు. ఈ అంటే గీతలమ్మ.

ఆమె గోడకు నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసింది. "ఉంది," అంది. అవతల ఎవరో కారు నేర్చుకుంటున్నట్టున్నారు. "బ్రేక్! బ్రేక్ తొక్కు!" అని చెల్లెలి అరుపు, తర్వాత చాలాసేపు ఊపిరి చప్పుడు వినిపించాయి.

అంతటితో భయం పోలేదు. ప్రోటీన్ ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. గీతలమ్మ స్లైడ్ల డాక్టరమ్మను కలిసి అంతా చెప్పింది. ఆమె మొహం పాలిపోయింది. కోపగించుకోలేదు. దాచి ఉంచిన బుడిపె ముక్కను తీసి, దాని డీఎన్‌ఏలో నకలు తప్పులు పేరుకున్నాయా అని పరీక్షకు పంపింది. సర్జన్ గొణుక్కుంటూనే ఆపరేషన్ వాయిదా వేశాడు. ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. మరిది పాప దగ్గరే కూర్చుని, దానికి తుమ్ము వచ్చినా ఉలిక్కిపడేవాడు.

తప్పులు పేరుకోలేదు. ప్రోటీన్ తన పని తాను చేస్తూనే ఉంది. ఆ ప్రోటీన్ జన్యువును చదివితే, అక్కకూ చెల్లెలికీ అమ్మానాన్నల నుంచి వచ్చిన రెండు నకళ్ళలోనూ ఒకే ఒక అక్షరం మారి ఉంది, సరిగ్గా ఏడో నంబరు పట్టుకునే చోట. దానివల్ల ఒంటికి ఏ నష్టమూ కనబడలేదు. బుడిపె మామూలుగా కొందరికి వచ్చే బుడిపే. ఏటా ఒకసారి చూపించుకోమన్నారు. నాన్నకు వచ్చింది ఏమిటన్నది మాత్రం ఎప్పటికీ తేలలేదు.

ఆ రోజు డాక్టరమ్మ గదిలోంచి తేలిగ్గా బయటికి రావాల్సిన గీతలమ్మ, గుమ్మం దగ్గర ఆగిపోయింది. అడగకుండా వెళ్ళిపోవచ్చు. అడిగితే వినాలి.

"డాక్టర్ గారూ, ఇలా మామూలు కణాల్లో కూడా రంగు పట్టనివాళ్ళు ఇదివరకెవరైనా ఉన్నారా?"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. ఆ ప్రశ్న ఆమెనూ అప్పటికే తొలుస్తోందని తెలుస్తూనే ఉంది.

"ఒకాయన ఉన్నాడు. పోయినేడాది. అప్పుడే పేగు తీసేశారు."

ఆయనది దాచిపెట్టిన ముక్క ఉంది. కుందేలు సీరం అయిపోయింది కాబట్టి వేరే చోటి నుంచి ఇంకో యాంటీబాడీ తెప్పించారు. ఆ ముక్కలో ప్రతి కణం మధ్యా గోధుమ చుక్క పడింది. ఆయనకూ ప్రోటీన్ ఉంది.

ఆయన మంగలి. మేడ మీద చిన్న ఇల్లు, కింద కొట్టు. డాక్టరమ్మ వెళ్ళి చెప్పాలనుకుంది. "నేనూ వస్తాను," అంది గీతలమ్మ. ఎవరూ రమ్మనలేదు. ఆమె కమ్మీ పట్టుకుని మెట్లు ఎక్కింది. తనకు గీత రాని రోజున కూడా ఇంత భయం వేయలేదు. అప్పుడు పోయేది తన ప్రాణం. ఇప్పుడు ఎదురుగా కూర్చునేది మరొకరి బతుకు.

ఆయన వాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టాడు. తను మాత్రం పొట్ట దగ్గర చొక్కా సర్దుకుంటూ జాగ్రత్తగా మంచం అంచున కూర్చున్నాడు. డాక్టరమ్మ చెబుతున్నంతసేపూ కళ్ళు ఆర్పలేదు. ఆయన భార్య తలుపు పట్టుకుని నిలబడింది.

"ఆ యాంటీబాడీ చేసింది నేనండీ," అంది గీతలమ్మ.

ఆయన ఆమె వైపు చూడలేదు. "అయితే నా పిల్లలకి ఏం లేదా?" అని అడిగాడు.

"ఈ జబ్బు లేదు," అంది డాక్టరమ్మ.

"ఇద్దరికీ?"

"ఇద్దరికీ."

ఆయన ఫోన్ కోసం దిండు కింద తడుముకున్నాడు. "పెద్దాడు పెళ్ళి వద్దన్నాడు, దీనివల్లే. పుట్టే పిల్లలకి నా జబ్బు వస్తుందని." నంబరు నొక్కుతూ, మొదటిసారి గీతలమ్మ మొహంలోకి చూశాడు. "నా పేగు సంగతి మీతో తర్వాత మాట్లాడతాను. మాట్లాడకుండా వదిలిపెట్టను. ముందు వాడితో మాట్లాడనీయండి."

అన్నట్టే వదిలిపెట్టలేదు. ఆస్పత్రి మీదా, ల్యాబ్ మీదా ఫిర్యాదు చేశాడు. గీతలమ్మ విచారణకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది, ఆయన తరఫునే. ల్యాబ్‌లో కొందరికి అది నచ్చలేదు. ఏడో నంబరు ఒక్కదాన్నే నమ్మి ఎవరినీ కోయకూడదని, మామూలు కణాల్లో కూడా రంగు లేకపోతే ఇంకో యాంటీబాడీతో చూసి తీరాలని అన్ని ఆస్పత్రులకూ కబురు వెళ్ళింది.

చెల్లెలు మళ్ళీ కార్లో కూర్చుని అరుస్తోంది. గీతలమ్మ ఇప్పటికీ గీతలే చూస్తోంది. అయితే ఇదివరకు గీత వచ్చినప్పుడు సంబరపడేది, రానప్పుడు ముందుకు సాగిపోయేది. ఇప్పుడు తెర మీద తెల్లగా, నున్నగా ఏమీ లేని చోటు కనబడితే చాలు, ఇంకొకరిని పిలిచి, "ఒకసారి మీరూ చూడండి" అంటుంది.